పంచాయతీకి ఇరవై సంఘాలు

తెలుగునాట స్వచ్ఛంద సంస్థలు లక్షల్లో ఉన్నాయని రికార్డులు చెబుతున్నాయి. ఆ లక్షల్లో ఎవరెవరున్నారు? పేదవాడి గడప దాకా వెళ్లేవి ఏవి?

రాష్ట్రంలో బడులెన్నో అడిగితే విద్యాశాఖ చెబుతుంది. రేషన్ దుకాణాలెన్నో పౌర సరఫరాల శాఖ చెబుతుంది. లాభాపేక్ష లేకుండా పనిచేసే సంస్థలు ఎన్ని అని అడిగితే మాత్రం సూటిగా జవాబు చెప్పే శాఖ లేదు.

ఈ లెక్క తేల్చడానికి కేంద్ర గణాంక శాఖ ఒకసారి గట్టిగా పూనుకుంది. రాష్ట్రాల్లోని రిజిస్ట్రార్ కార్యాలయాల పుస్తకాలు తిరగేయించి, 2008 వరకు దేశంలో రిజిస్టరైన సొసైటీలు, ట్రస్టులు కలిపి 31.7 లక్షలని చెప్పింది. 2010లో ఈ అంకెలు బయటికి వచ్చినప్పుడు మహారాష్ట్ర 4.8 లక్షలతో మొదటి స్థానంలో ఉంటే, 4.6 లక్షలతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉంది. జనాభాలో మనకు రెండింతలు దాటిన ఉత్తరప్రదేశ్ కూడా మన తర్వాతే. దేశం మొత్తం మీద నాలుగు వందల మందికి ఒక సంస్థ ఉంటే, మన దగ్గర నూట ఎనభై మందికే ఒకటి. ఉమ్మడి రాష్ట్రంలో గ్రామ పంచాయతీలు ఇరవై రెండు వేలకు అటూ ఇటూ. పట్టణాల్లోని సంస్థలనూ కలిపి పంచితే పంచాయతీకి ఇరవై వస్తాయి.

మన ఊళ్లో ఇరవై సంఘాల పేర్లు చెప్పమంటే ఎంతమంది చెప్పగలరు? రామాలయం కమిటీ, యువజన సంఘం, కుల సంఘం, రిటైరైన ఉద్యోగుల సంఘం, చర్చి కమిటీ, మసీదు కమిటీ. వేళ్ల మీద లెక్కపెడుతూ ఆరో ఏడో దగ్గర ఆగిపోతాం. మిగతావి ఎక్కడున్నాయి?

గణాంక శాఖకూ ఇదే అనుమానం వచ్చింది. రెండో విడతలో చిరునామాలు పట్టుకుని మనుషులను పంపింది. వెళ్లి చూసిన 22 లక్షల పైచిలుకు సంస్థల్లో ఆచూకీ దొరికినవి ఏడు లక్షల లోపే. మిగతా వాటికి ఆ చిరునామాలో బోర్డు లేదు, ఆ పేరు తెలిసినవారూ లేరు. 2015లో సుప్రీంకోర్టులో ఒక కేసు సందర్భంగా సీబీఐ ఇచ్చిన వివరాలదీ ఇదే దారి. ఏటా లెక్కలు సమర్పిస్తున్న సంస్థలు పదింట ఒకటి కూడా లేవు.

ఈ అంకెలు చూసి స్వచ్ఛంద సంస్థలంటేనే మోసం అనేవాళ్లున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. రికార్డులో మూలుగుతున్న పేర్లు వేరు, పనిచేస్తున్న మనుషులు వేరు. రెంటినీ ఒకే గాటన కట్టేయడం వల్ల మోసగాళ్లకు వచ్చే నష్టమేమీ లేదు, నిజంగా పనిచేసేవాళ్లే నలుగుతున్నారు. అందుకే ఈ గుట్టను ఒకసారి విప్పి, ఏది ఏమిటో వేరుచేసి చూడాలి.

ఏడు సంతకాలు

జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయం బయట దస్తావేజు లేఖరుల బల్లల దగ్గర కాసేపు నిలబడితే సంఘం పుట్టుక ఎంత సులువో అర్థమవుతుంది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఏడుగురు కలిస్తే చాలు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కార్యదర్శి, సహాయ కార్యదర్శి, కోశాధికారి, ఇద్దరు కార్యవర్గ సభ్యులు. సరిగ్గా ఏడుగురే. ఆధార్ నకళ్లు, ఆఫీసు పెట్టే ఇంటి యజమాని రాసిచ్చే అభ్యంతరం లేదన్న పత్రం, కరెంటు బిల్లు. ఇప్పుడు దరఖాస్తు ఆన్‌లైన్‌కు మారినా సరంజామా అదే.

బైలాలు ముందే టైపు చేసి ఉంటాయి. పేరు, ఊరు, తేదీ మారిస్తే సరిపోతుంది. 'ఆశయాలు' అన్న పేజీలో మహిళాభ్యుదయం నుంచి మొక్కల పెంపకం దాకా, అనాథ శరణాలయం నుంచి కంప్యూటర్ శిక్షణ దాకా అన్నీ వరసగా ఉంటాయి. ఎందుకైనా మంచిదని ఏదీ తీసేయరు. రేపు ఏ పథకం వస్తుందో, ఏ దాత ఏమడుగుతాడో తెలియదు కదా. అందుకే కాగితం మీద అన్ని సంఘాల ఆశయాలూ ఒకేలా కనిపిస్తాయి. ఆశయాలను బట్టి సంస్థలను వర్గీకరించబోయిన గణాంకాలవాళ్లు ఎంత అవస్థ పడి ఉంటారో ఊహించుకోవచ్చు.

రిజిస్టరయ్యాక ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, ఎన్నికైన కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు పంపాలి, లెక్కలు ఆడిట్ చేయించాలి. ఇక్కడే తొంభై శాతం సంఘాలు ఆగిపోతాయి. వ్యవస్థాపకుడు కాలం చేస్తాడు, కార్యదర్శి ఉద్యోగరీత్యా బెంగళూరు పోతాడు, మినిట్స్ పుస్తకం ఎవరి బీరువాలోనో ఉండిపోతుంది. సంఘాన్ని రద్దుచేసే పద్ధతి చట్టంలో ఉంది గానీ ఆ పని మీద రిజిస్ట్రార్ కార్యాలయానికి వచ్చేవాళ్లు అరుదు. పుట్టుకలన్నీ నమోదవుతూ, చావులు నమోదుకాని జనాభా లెక్కలా తయారైంది ఈ రికార్డు.

పుట్టుకలు ఎప్పుడు పెరిగాయో కూడా ఆ సర్వేలోనే ఉంది. 1970 వరకు దేశమంతటా రిజిస్టరైనవి 1.44 లక్షలే. 1991 నుంచి 2000 లోపు 11.22 లక్షలు, ఆ తర్వాత ఎనిమిదేళ్లలోనే 11.35 లక్షలు. ప్రభుత్వ పథకాలు 'సంఘంగా ఏర్పడితే సొమ్ము' అన్న దారి పట్టిన కాలం అది. అపార్టుమెంట్లు లేచిన కాలం, ప్రైవేటు చదువులు విస్తరించిన కాలం కూడా అదే. అపార్టుమెంటు యజమానుల సంఘం కూడా సాధారణంగా ఇదే చట్టం కింద రిజిస్టరవుతుంది. అందులో తప్పేం లేదు. లిఫ్టు బాగుచేయించుకోవడానికి పెట్టుకున్న సంఘమూ, గిరిజన తండాలో బడి నడిపే సంఘమూ ఒకే పుస్తకంలో పక్కపక్క వరసల్లో ఉంటాయన్నదే ఇక్కడ గమనించాల్సింది.

పెద్ద భవనాలు ఎవరివి?

డబ్బు, ఆస్తి కొలమానంగా చూస్తే మన లాభాపేక్ష లేని రంగంలో అగ్రస్థానం విద్యాసంస్థలది. చాలామందికి ఇది వింతగా ఉంటుంది. కానీ చట్టం అంతే. ఇంజినీరింగ్ కాలేజీ పెట్టాలంటే సొసైటీయో ట్రస్టో కంపెనీల చట్టం ఎనిమిదో సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీయో ఉండాలి. విద్యను వ్యాపారం చేయకూడదని సుప్రీంకోర్టు 1993లో ఉన్నికృష్ణన్ కేసులో గట్టిగా చెప్పింది. ఆ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే.

ఆ తర్వాత తెలుగు రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు వందల సంఖ్యలో వెలిశాయి. ప్రతి కాలేజీ వెనకా ఒక ఎడ్యుకేషనల్ సొసైటీ ఉంది. వాటిలో నిజంగా ధర్మబుద్ధితో నడిచేవి ఉన్నాయి. ఫీజుల కోసమే నడిచేవీ ఉన్నాయి. రెంటికీ హోదా ఒకటే. ఈ విషయంలో మరో ముఖ్యమైన తీర్పూ మన నేల మీది కేసులోనే వచ్చింది. 2022 అక్టోబరులో న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో, విద్యాసంస్థగా ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే సంస్థ లక్ష్యం విద్య ఒక్కటే అయి ఉండాలని సుప్రీంకోర్టు తేల్చింది. మన రాష్ట్ర ధార్మిక, దేవాదాయ చట్టం కింద రిజిస్ట్రేషన్ అవసరాన్నీ గుర్తుచేసింది. ఆశయాల పేజీలో అన్నీ రాసుకునే అలవాటుకు ఆ తీర్పు పెద్ద దెబ్బ.

ఆస్పత్రుల సంగతి వేరు. ఇక్కడ తెలుగువాళ్లు నిజంగా గర్వపడాల్సినవి ఉన్నాయి. 1987లో హైదరాబాదులో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు ప్రారంభించిన కంటి ఆస్పత్రికి సినీ నిర్మాత ఎల్.వి.ప్రసాద్ స్థలమూ, కోటి రూపాయల విరాళమూ ఇచ్చారు. ఆయన పేరుతోనే నడుస్తున్న ఆ సంస్థ సగానికి పైగా రోగులకు పైసా తీసుకోకుండా చికిత్స చేస్తూ వచ్చింది. ఊళ్లలో ప్రాథమిక కంటి పరీక్షా కేంద్రం నుంచి నగరంలోని పెద్దాస్పత్రి దాకా మెట్లుమెట్లుగా దాని వ్యవస్థ ఉంటుంది. బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రి 2000లో మొదలైంది. 1991లో పుట్టపర్తిలో సత్యసాయి ట్రస్టు సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి తెరిచింది, ఆ తర్వాత అదే ట్రస్టు అనంతపురం జిల్లాలో వందల ఊళ్లకు తాగునీరిచ్చింది. ఇంకా వెనక్కి వెళితే, 1915లో డిచ్‌పల్లిలో మెథడిస్టు మిషనరీ ఇసబెల్ కెర్ కుష్ఠు రోగుల కోసం కట్టించిన ఆస్పత్రి ఉంది.

108 సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. రోడ్డు మీద ప్రమాదం జరిగితే పసిపిల్లవాడు కూడా చెప్పే ఆ నంబరు వెనక 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన లాభాపేక్ష లేని సంస్థ ఒకటుంది. 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణంతో దాని మూల దాత కూలిపోయాడు. అయినా అంబులెన్సులు ఆగలేదు. ప్రభుత్వ నిధులు, కొత్త దాత, పాత సిబ్బంది కలిసి నిలబెట్టారు. సంస్థకు దాత కన్నా దాని పని ఎక్కువ ముఖ్యమైనప్పుడు అది బతికి బట్టకడుతుందని అప్పుడు చూశాం.

సర్కారువారి సొసైటీలు

రిజిస్ట్రార్ పుస్తకంలో ఇంకో గుంపు ఉంది. పేరుకు సొసైటీ, నడిపేది ఐఏఎస్ అధికారి. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో తొలి గురుకులం మొదలైంది. మరుసటి ఏడాది ఆ గురుకులాలను నడపడానికి సొసైటీ ఏర్పడింది. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ సాంఘిక, గిరిజన, బీసీ, మైనారిటీ సంక్షేమ గురుకులాలన్నీ సొసైటీలే. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, జనం నోట 'సెర్ప్', అదీ సొసైటీయే. ప్రకృతి వ్యవసాయాన్ని ఆంధ్రప్రదేశ్‌లో లక్షల మంది రైతుల దగ్గరికి తీసుకెళ్లిన రైతు సాధికార సంస్థ, ప్రభుత్వం స్థాపించిన లాభాపేక్ష లేని కంపెనీ. ఆ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది.

ఇవన్నీ మంచి పనులే. కాదనను. కానీ వీటిని స్వచ్ఛంద రంగంలో కలిపి లెక్కేస్తే చిత్రం తారుమారవుతుంది. ప్రభుత్వం తన పనినే మరో పేరుతో చేసుకోవడం వేరు, పౌరులు కూడి తమంతట తాము చేయడం వేరు.

లెక్కలో ఉండకూడనివి ఉన్నట్టే, ఉండాల్సినవి లేవు. ఉమ్మడి రాష్ట్రంలో కోటి మందికి పైగా మహిళలు పొదుపు సంఘాల్లో చేరారు. 1992లో నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం రగిలాక ఊరూరా అల్లుకున్న బలగం అది. పదిపదిహేను మంది కూర్చుని వారానికో నెలకో పొదుపు చేసుకునే గుంపుకు ఏ చట్టం కిందా రిజిస్ట్రేషన్ ఉండదు. వాటి సమాఖ్యలు మాత్రం 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదయ్యాయి. సర్కారు జోక్యం లేకుండా సభ్యులే తమ సంఘాన్ని నడుపుకునే హక్కిచ్చిన ఆ చట్టం దేశంలో మొదట వచ్చింది మన దగ్గరే. హైదరాబాదులోని సహవికాస సంస్థ ఏళ్ల తరబడి పట్టువదలకుండా పోరాడితే వచ్చింది. కరీంనగర్ ప్రాంతంలో ముల్కనూరు మహిళలు పాల డెయిరీని సొంతంగా నడుపుతున్నారంటే దాని పునాదిలో ఆ చట్టం ఉంది.

ఊరి గడప తొక్కినవాళ్లు

ఇక మిగిలింది ప్రజల మధ్య పనిచేసే సంస్థలు. 'ఎన్జీవో' అనగానే మనసులో మెదిలేవి. నా దృష్టిలో ఈ రంగానికి గుండెకాయ ఇవే. సంఖ్యలో చూస్తే మాత్రం వీటి వాటా చిన్నదే.

వీటి పూర్వీకులు ఎన్జీవో అన్న మాట పుట్టకముందే ఉన్నారు. 1906లో కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో హితకారిణీ సమాజాన్ని నెలకొల్పి తన ఆస్తినంతా దానికే రాసిచ్చారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం. 1937లో మద్రాసులో దుర్గాబాయి మొదలుపెట్టిన ఆంధ్ర మహిళా సభ. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో గోరా నాస్తిక కేంద్రం. అప్పట్లో పనికి ముందు ఊరి పెద్దల చందా, తర్వాత కార్యకర్తల కాలినడక. బయటి డబ్బు ఊసే లేదు.

కోస్తాకు బయటి డబ్బు పెద్దఎత్తున వచ్చింది 1977 తర్వాత. ఆ ఏడాది నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. పదివేల మందికి పైగా కొట్టుకుపోయారు. కృష్ణా, గుంటూరు తీరాలకు దేశదేశాల నుంచి సాయం వచ్చిపడింది. సహాయ శిబిరంలో అన్నం వడ్డించిన యువకులు, శవాలను ఖననం చేసిన వాలంటీర్లు చాలామంది ఇళ్లకు తిరిగి వెళ్లలేదు. ఇళ్లు కట్టించడంతో మొదలై బడులు, పొదుపు, దళితుల భూములు, మత్స్యకారుల పడవల దాకా పని పెరిగింది. కోస్తాలో ఒక తరం స్వచ్ఛంద సంస్థలు అలా తుపాను నుంచి పుట్టాయి.

రాయలసీమలో పుట్టింది కరువు నుంచి. బార్సిలోనాకు చెందిన విన్సెంట్ ఫెర్రర్ మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులతో బావులు తవ్వించి అక్కడి పెద్దలకు కంటగింపయ్యాడు. దేశం విడిచి వెళ్లిపొమ్మన్నారు. 1969లో తిరిగొచ్చి అనంతపురంలో దిగాడు. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, జనం నోట ఆర్డీటీ, అలా మొదలైంది. అర్ధ శతాబ్దంలో బత్తలపల్లి ఆస్పత్రి, మహిళల పేరిట ఇళ్లు, దివ్యాంగులకు బడులు, పేదింటి ఆడపిల్లలకు క్రీడా మైదానాలు. 2009లో ఫెర్రర్ పోయినప్పుడు జిల్లాకు జిల్లా కదిలింది. 2025లో సంస్థకు విదేశీ విరాళాల అనుమతి చిక్కుల్లో పడితే, సాయం పొందిన కుటుంబాలు జెండాలతో సంబంధం లేకుండా రోడ్డెక్కాయి. ఒక స్వచ్ఛంద సంస్థను కాపాడండని పేదలు ఊరేగింపులు తీయడం ఎక్కడోగాని కనిపించదు.

రంగారెడ్డి జిల్లాలో ఎం.వి.ఫౌండేషన్ చేసిన పని ఇంకో రకం. 1991 ప్రాంతంలో శాంతా సిన్హా నాయకత్వంలో వాళ్లొక సూటి మాట పట్టుకున్నారు. బడికి రాని పిల్ల పొలంలో ఉన్నా, ఇంట్లో తమ్ముణ్ని ఎత్తుకున్నా, పశువులు కాసినా బాలకార్మికురాలే. 'పేదరికం, ఏం చేస్తాం' అన్న మాటను వాళ్లు ఒప్పుకోలేదు. కార్యకర్తలు చదువుకున్న ఊరి కుర్రాళ్లే. తల్లిదండ్రులు కూలి నుంచి వచ్చేదాకా చీకటిపడ్డా గడపలో కూర్చునేవారు. ఆ పిల్ల జీతానికున్న రైతు దగ్గరికి వెళ్లి మాట్లాడేవారు. మొదటిరోజు తిట్లు, పదోరోజు మంచినీళ్లు. పదేళ్లు దాటిన పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతుందని, శిబిరాల్లో కొన్ని నెలలు చదివించి వయసుకు తగిన తరగతిలో చేర్చేవారు. 2003లో శాంతా సిన్హాకు మెగసెసే అవార్డు వచ్చింది. వయసుకు తగిన తరగతి, దానికి ముందు ప్రత్యేక శిక్షణ అన్నవి 2009 విద్యాహక్కు చట్టంలో చోటు చేసుకున్నాయి.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983లో మొదలైంది. పి.వి.సతీష్ మెట్ట పొలాల్లోని దళిత మహిళలను సంఘాలుగా కూర్చారు. బియ్యం రేషన్ వచ్చాక జొన్న, సజ్జ, కొర్ర, సామ విత్తనాలే కనుమరుగవుతున్న రోజులవి. ఆ మహిళలు మట్టి పూసిన బుట్టల్లో, బూడిద, వేపాకు కలిపి విత్తనాలు దాచారు. ఒకామె దగ్గర బుట్టెడు తీసుకున్నామె పంట వచ్చాక తిరిగి ఎక్కువ కొలిచి ఇవ్వాలి. అలా ఊళ్లలో విత్తన నిధి పేరుకుంది. ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలు పెట్టుకుని ఊరూరా పాత పంటల జాతర తిప్పుతారు. 2008లో మాచ్‌నూరులో సంఘం రేడియో మొదలైంది. పలికేది ఆ మహిళలే, మీటలు నొక్కేదీ వాళ్లే. 2019లో ఈక్వేటర్ బహుమతి అందుకున్నారు. ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం జరుపుకుంటున్న 2023లోనే, మార్చిలో, సతీష్ కన్నుమూశారు.

విశాఖ మన్యంలో 'సమత' అనే చిన్న సంస్థ అనంతగిరి మండలంలో గిరిజన భూములను గనులకు లీజుకివ్వడాన్ని కోర్టులో సవాలు చేసింది. హైకోర్టులో ఓడింది. సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997 జులై 11న వచ్చిన తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకు ఇవ్వరాదని చెప్పింది. దేశంలో గిరిజన భూమి మీద ఎక్కడ వివాదం వచ్చినా ఇవాళ్టికీ 'సమత తీర్పు' అనే అంటారు. రిజిస్ట్రార్ పుస్తకంలో ఒక్క వరస. దాని బరువు ఎన్ని వేల వరసలకు సమానం?

దారి మారినవి, దారి మూసుకుపోయినవి

ఈ రంగం నుంచి ఒక పెద్ద కొమ్మ విరిగి లాభాల వైపు పడిపోయింది. పేద మహిళలకు చిన్న అప్పులిచ్చే సంస్థలు 1990ల చివర్లో ఇక్కడ సొసైటీలుగా, స్వచ్ఛంద సంస్థలుగానే మొదలయ్యాయి. తర్వాత ఫైనాన్స్ కంపెనీలుగా మారాయి. 2010 ఆగస్టుకల్లా వాటిలో పెద్దదైన ఎస్.కె.ఎస్. షేర్ మార్కెట్లోకి వెళ్లింది. అదే ఏడాది అక్టోబరులో, వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలు జరుగుతున్నాయన్న ఆరోపణల నడుమ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అప్పులిచ్చిన మాట నిజం, అవసరానికి అందిన మాటా నిజం. కానీ 'వారం వారం కిస్తీ' అన్న మాట వింటేనే గుండె దడ పుట్టిన ఆడవాళ్లు, ఆ తర్వాత ఊళ్లోకి వచ్చిన ప్రతి సంస్థ మనిషినీ అనుమానంగా చూశారు. ఆ నష్టం ఏ బ్యాలన్స్ షీటులోనూ కనపడదు.

మిగిలిన చిన్న సంస్థల ఊపిరి ఇప్పుడు డబ్బు దారుల దగ్గర బిగుస్తోంది. ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో వచ్చిన విదేశీ విరాళాల చట్టం 2010లో మారింది, 2020 సవరణతో మరింత బిగిసింది. విదేశీ నిధి ఢిల్లీలోని ఒకే ఒక్క స్టేట్ బ్యాంకు శాఖలో ఖాతా తెరిచి అక్కడికే రప్పించుకోవాలి. పరిపాలనా ఖర్చు సగం దాకా ఉండొచ్చన్నది ఐదో వంతుకు తగ్గింది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ, ఒక సంస్థకు వచ్చిన విదేశీ నిధిని మరో సంస్థకు ఇవ్వకూడదనడం. హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న పెద్ద సంస్థ నిధి తెచ్చి, మండలాల్లోని పది చిన్న సంస్థలకు పంచి, లెక్కలు రాయడం నేర్పేది. ఢిల్లీ ముఖం చూడని, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాయలేని కార్యకర్తకు అదొక్కటే కాలువ. అది మూసుకుపోయింది. దేశం మొత్తం మీద ఇరవై వేలకు పైగా సంస్థల లైసెన్సులు ఈ చట్టం కింద రద్దయ్యాయి. విదేశీ డబ్బు మీద నిఘా ఉండాలి, ఆ మాటలో న్యాయముంది. కానీ తప్పుచేసినవాణ్ని పట్టుకునే వల అంత సన్నగా అల్లితే, చిక్కుకునేది ఆడిటరును పెట్టుకోలేని చిన్నవాళ్లే.

స్వదేశీ కంపెనీల సామాజిక బాధ్యత నిధి ఆ లోటు తీరుస్తుందని అనుకున్నాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు నికర లాభంలో రెండు శాతం ఖర్చుపెట్టాలి. 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఈ డబ్బుతో బడులకు మరుగుదొడ్లు, ఊళ్లకు నీటి ప్లాంట్లు, ఆస్పత్రులకు యంత్రాలు వచ్చాయి, సంతోషం. కానీ కంపెనీ సాధారణంగా తన ఫ్యాక్టరీ చుట్టుపక్కలే చూస్తుంది. ఏడాది తిరిగేసరికి ఫొటో తీయడానికి వీలైన పని కోరుతుంది. రైతు దగ్గర జీతమున్న పిల్ల కోసం నెలల తరబడి గడపలో కూర్చునే పనికి ఫొటో ఏముంటుంది? గనుల లీజు మీద కేసు వేసే సంస్థకు గనుల కంపెనీ నిధి ఇస్తుందా?

తెలుగువాళ్ల విదేశీ సంఘాల విరాళాలు వేరే దారిన వస్తాయి. 1977లో మొదలైన తానా, ఆ తర్వాత వచ్చిన ఆటా, నాట్స్ లాంటివి కంటి శిబిరాలకు, బడి గదులకు, ప్రకృతి విపత్తులకు ఇస్తూనే ఉన్నాయి. ఎక్కువ భాగం దాత పుట్టిన ఊరికే పోతుంది. సొంతూరి మీద మమకారం సహజమే. అమెరికా వెళ్లిన పిల్లలు లేని ఊళ్లు, అంటే మన్యం, నల్లమల చెంచు పెంటలు, పాలమూరు తండాలు, ఆ జాబితాలో వెనకబడిపోతున్నాయి.

లెక్క ఎలా ఉండాలి?

పనిచేసే మనుషుల గురించి ఒక పాత అధ్యయనం చెప్పింది మరచిపోలేం. ఈ శతాబ్దం మొదట్లో ప్రియా అనే సంస్థ, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంతో కలిసి దేశంలో లాభాపేక్ష లేని సంస్థలు 12 లక్షలని అంచనా వేసింది. వాటిలో సగం అసలు రిజిస్టరే కాలేదు. నాలుగింట మూడు వంతుల సంస్థల్లో జీతానికి పనిచేసేవారు ఒక్కరు, లేదా ఆ ఒక్కరూ లేరు. జీతగాళ్లు లేని పని ఎలా నడుస్తుందో తెలుగు పల్లెల్లో తిరిగినవారికి తెలుసు. ఇంటర్ చదివిన అమ్మాయి 'గౌరవ వేతనం' మీద పది ఊళ్లు తిరుగుతుంది. నెలాఖరుకు రిపోర్టు రాస్తుంది. ప్రాజెక్టు అయిపోయాక కూడా ఆడవాళ్లు ఆమెకే ఫోన్ చేస్తారు, 'అక్కా, పింఛను ఆగిపోయింది, ఎవర్నడగాలె?' అని. ప్రాజెక్టు గడువుతో నిమిత్తం లేకుండా ఆమె ఎమ్మార్వో ఆఫీసుకు వెళుతుంది. ఇలాంటివాళ్లకు భవిష్యనిధి లేదు, బీమా లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది ఇలా ఉన్నారో ఎవరూ లెక్కపెట్టలేదు.

చేయాల్సిన పని కష్టమైనదేం కాదు. రిజిస్ట్రార్ దగ్గరున్న పాత పేర్లన్నిటికీ ఒక గడువిచ్చి, బతికున్నవి మీ కార్యవర్గం, మీ ఖర్చు ఒక్క కాగితం మీద తెలుగులో రాసివ్వండని అడగొచ్చు. రానివాటిని చట్టప్రకారం మూసేయొచ్చు. అపార్టుమెంట్లు, కాలేజీలు, ప్రభుత్వ సొసైటీలు, కుల సంఘాలు, ప్రజల్లో పనిచేసే సంస్థలు, వీటిని వేర్వేరు పట్టీల్లో పెట్టొచ్చు. జిల్లాలవారీగా ఆ జాబితా అందరికీ కనపడేలా ఉంచొచ్చు. చిన్న సంస్థల పన్ను రిజిస్ట్రేషన్ గడువును కేంద్రం 2025 బడ్జెట్లో ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచింది. చిన్నవాళ్లకు వేరే కొలత ఉండాలని అక్కడ ఒప్పుకున్నారు. ఆ కొలత రాష్ట్రాల రిజిస్ట్రార్ కార్యాలయాలకూ రావాలి. ఆడిటు ఫీజు కట్టలేని సంస్థలకు జిల్లాకో ఆడిటరును ప్రభుత్వమే కేటాయించాలి. అనంతపురం, జహీరాబాద్, అనంతగిరి లాంటి చోట్ల ఇంకెన్ని సంస్థలు పనిచేస్తున్నాయో, ఎన్ని మూతబడే దశలో ఉన్నాయో తెలిసేది ఆ తర్వాతే.